రిపోర్టులో దిక్కులు, ఒంట్లో కుహరాలు

ప్రశ్న: మా ఇంట్లో ఒకరికి చేయి విరిగింది. రిపోర్టులో 'డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్' అని ఉంది. డిస్టల్ అంటే దూరం అట. దేనికి దూరం?

జవాబు: భుజానికి దూరం. కాళ్లూ చేతుల విషయంలో లెక్క ఎప్పుడూ అవి మొండేనికి అతుక్కున్న చోటు నుంచే మొదలవుతుంది. చేతికైతే భుజం, కాలికైతే తుంటి. ఆ మొదటికి దగ్గరున్న కొస ప్రాక్సిమల్, దూరంగా ఉన్నది డిస్టల్. రేడియస్ అంటే ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక, పాఠ్యపుస్తకాల్లో రత్ని. దాని డిస్టల్ కొస మణికట్టు దగ్గర ఉంటుంది. పడబోతూ అరచేయి నేలకు ఆనిస్తే ఒంటి బరువంతా అక్కడే పడుతుంది, అందుకే ఆ చోటు తరచుగా విరుగుతుంది. పేగులకు మొదలు నోటివైపు, ధమనులకు గుండె. 'పైన, కింద' అని రాస్తే సరిపోదా అంటే, సరిపోదు. చేయి పైకెత్తగానే మణికట్టు మోచేతికి పైన ఉంటుంది. డిస్టల్ మాత్రం డిస్టల్‌గానే ఉంటుంది.

ప్రశ్న: నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బొటనవేలు లేటరలా, మీడియలా? చేయి తిప్పినప్పుడల్లా తేడా వస్తోంది.

జవాబు: లేటరలే. చేయి ఎటు తిప్పినా అంతే. మనిషి నిటారుగా నిలబడి, చూపు ముందుకు, పాదాలు ముందుకు, చేతులు పక్కలకు వేలాడేసి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నాడనుకుని ఈ పేర్లన్నీ పెట్టారు. ఒకసారి అలా నిలబడి చూడండి. బొటనవేలు ఒంటికి దూరంగా, చిటికెనవేలు తొడవైపు ఉంటాయి. ముక్కు మీదుగా బొడ్డు దాకా గీసిన నడిగీతకు దగ్గరిది మీడియల్, దూరపుది లేటరల్. ఇప్పుడు అరచేయి వెనక్కి తిప్పండి. బొటనవేలు తొడను తాకుతుంది, ఎందుకంటే ముంజేతిలో రత్ని, చిటికెనవేలి వైపు ఎముక అయిన అరత్ని మీదుగా అడ్డంగా దాటింది. పేరు మాత్రం ఎముకతో పాటు తిరగదు. రోగి బోర్లా పడుకున్నా వీపు పోస్టీరియరే (వెనకవైపే), వెల్లకిలా పడుకున్నా తలవైపు సుపీరియరే (పైవైపే). కేసు షీటులో కుడి, ఎడమ రాసేటప్పుడూ ఇదే పద్ధతి: అవి రోగివి, ఎదురుగా నిలబడ్డ మీవి కావు. చికిత్స తప్పువైపు జరిగే ప్రమాదాలకు ఇది మరిచిపోవడమూ ఒక కారణం.

ప్రశ్న: సీటీ స్కాన్ బొమ్మలో కాలేయం ఎడమవైపు కనిపిస్తోంది. ఫిల్ము తిరగేశారా?

జవాబు: లేదు. వెల్లకిలా పడుకున్న మనిషిని అడ్డంగా కోసి, పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు ఆ బొమ్మ పెడతారు. కాబట్టి ఆయన కుడివైపు మీకు ఎడమన పడుతుంది. ఛాతీ ఎక్స్‌రే కూడా ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టే. అయినా అవయవాన్ని బట్టి వైపు తేల్చకండి, ఫిల్ము మీది 'ఆర్', 'ఎల్' గుర్తు చూడండి. అవయవాలు పుట్టుకతోనే అటూ ఇటూ మారినవాళ్లు అరుదుగానైనా ఉంటారు.

ఎక్స్‌రే మీద 'పీఏ', 'ఏపీ' అన్న అక్షరాలనూ వదిలేయకండి. పీఏలో కిరణాలు వీపు నుంచి ముందుకు వెళతాయి, ఏపీలో ముందు నుంచి వీపుకు. గుండె ఉండేది ఛాతీలో ముందుభాగాన. ఏపీలో ఫిల్ము వీపువైపు ఉంటుంది కనుక గుండె దానికి దూరమై, నీడ ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. మంచం మీద తీసిన ఏపీ ఫిల్ము చూసి గుండె పెరిగిందని కంగారు పడనవసరం లేదు.

ప్రశ్న: ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ సూదితో తీస్తామనీ అన్నారు. ఊపిరితిత్తిలోకే గుచ్చుతారా?

జవాబు: గుచ్చరు. సూదితో తీసే నీరు ఊపిరితిత్తి లోపల ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. లోపలి గాలి అరల్లోనే నీరు చేరడం వేరే జబ్బు, దానికి సూది పనికిరాదు. ఊపిరితిత్తి మీద ఒక పొర, పక్కటెముకల లోపలి వైపున ఇంకో పొర ఉంటాయి. రెంటినీ కలిపి ప్లూరా అంటారు. ఆ పొరల నడుమ సందే ప్లూరల్ కుహరం. కుహరం అంటే బోలుగా ఉండే గది అనుకుంటాం కానీ, ఆరోగ్యంగా ఉన్నవారిలో పొరలు దాదాపు అంటుకునే ఉంటాయి. మధ్యలో రెండువైపులా కలిపి సుమారు 10-20 మిల్లీలీటర్ల ద్రవం, రాపిడి లేకుండా జారడానికి. జబ్బు చేస్తే అక్కడే లీటర్ల కొద్దీ చేరుతుంది. నిలబెట్టి ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో కనబడాలంటే దాదాపు 200 మిల్లీలీటర్లు ఉండాలి. ఈ కుహరంలో అన్నిటికన్నా లోతైన మూల వెనక ఉంది, అందుకే పక్కనుంచి తీసిన ఫిల్ములో 50 మిల్లీలీటర్లున్నా తెలుస్తుంది.

రోగిని కూర్చోబెట్టి, ముందుకు వంచి, అల్ట్రాసౌండ్‌తో చోటు చూసుకుని వీపువైపు నుంచి సూది పెడతారు. ఎప్పుడూ పక్కటెముక పై అంచును ఆనుకునే. ప్రతి ఎముక కింది అంచు చాటున సిర, ధమని, నరం వరసగా వెళతాయి, అక్కడ తగిలితే నెత్తురు కారుతుంది. మరీ కిందికి దిగితే ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొర విభాజక పటలం, దాని కింద కాలేయమో ప్లీహమో. సాధారణంగా ఒక్కసారికి లీటరున్నర మించి తీయరు. నలిగి ఉన్న ఊపిరితిత్తి ఉన్నట్టుండి విచ్చుకుంటే దాని లోపలే నీరూరుతుంది. మధ్యలో ఆగని దగ్గు గానీ ఛాతీ బిగుతు గానీ వస్తే వెంటనే చెప్పండి, ఆపేస్తారు.

ప్రశ్న: అన్నం నిలిచే జీర్ణాశయం కూడా శరీర కుహరమేనా? మూత్రపిండాలు ఉదరకుహరంలో ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: జీర్ణాశయంలోని ఖాళీ కుహరం కాదు. అది నోటి నుంచి మలద్వారం దాకా సాగే గొట్టంలో ఒక భాగం. ఆ గొట్టం బయట, పొట్ట లోపలి గోడనూ అవయవాలనూ కప్పే పెరిటోనియం పొరల నడుమ ఉన్నదే కుహరం. పుండు పడి జీర్ణాశయానికి చిల్లి పడితే లోపలి ఆమ్లం, గాలి ఆ కుహరంలోకి వస్తాయి. పొట్ట చెక్కలా గట్టిపడుతుంది, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో చాలామందికి విభాజక పటలం కింద గాలి నల్లటి వంకలా కనిపిస్తుంది. ఉదరకుహరానికీ, దాని కింద తుంటి ఎముకల నడుమ ఉండే కటికుహరానికీ మధ్య గోడ లేదు, పైన పుట్టిన చీము జారి కటిలో నిలవగలదు.

మూత్రపిండాలు ఉదరంలోనే ఉన్నా పెరిటోనియం వెనక, నడుము కండరాలకు ఆనుకుని ఉంటాయి. వాటి నొప్పి నడుము పక్కన, కడపటి పక్కటెముక కింద తెలియడానికి కారణం అదే. రాయి మూత్రనాళంలోకి దిగితే నొప్పి గజ్జవైపు పాకుతుంది.