ఓపెన్ చేశాక వాపసు లేదన్నారు... నాన్నగారి పుండుకు జవాబుదారీ ఎవరు?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలి. మా నాన్నగారికి 71 ఏళ్లు. నాలుగు నెలల కిందట ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి మూత్రం ఆగడం లేదు. దగ్గినా, కుర్చీలోంచి లేచినా పంచె తడుస్తోంది. సర్దుకోవడానికి కొన్నాళ్లు పడుతుందని, ఈలోగా రాత్రిపూట కండోమ్ క్యాథెటర్ (అంగానికి తొడిగి, గొట్టంతో యూరిన్ బ్యాగుకు కలిపే తొడుగు) పెట్టుకోమని డాక్టరు గారు చెప్పారు. నాన్నగారికి రబ్బరు గ్లవ్స్ తగిలినా దద్దుర్లు వస్తాయి. అందుకే ఆన్‌లైన్‌లో ‘నూరు శాతం సిలికాన్, లేటెక్స్ లేదు’ అని రాసి ఉన్న 30 పీసుల పెట్టె 1,850 రూపాయలు పెట్టి తెప్పించాను. మూడో రోజుకల్లా చర్మం కందిపోయి, నీటి పొక్కులు లేచి, పుండు పడింది. స్కిన్ డాక్టరుకీ మందులకీ కలిపి 6,400 అయింది. అప్పుడు, ఇంకా 27 మిగిలి ఉన్న పెట్టె తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో ‘నేచురల్ రబ్బర్ లేటెక్స్’ అని ఉంది. డబ్బు వాపసు అడిగితే ‘హైజీన్ ఐటమ్, ఓపెన్ చేశాక రిటర్న్ లేదు’ అన్నారు. దీనికి తోడు ఊళ్లో సర్జికల్ షాపులో ఎంఆర్‌పీ 160 ఉన్న యూరిన్ బ్యాగుకు 200 తీసుకున్నారు, బిల్లు లేదు. కేసు వేద్దామంటే ‘నా పంచె సంగతి కోర్టుకెక్కిస్తావా’ అని నాన్నగారు కోప్పడుతున్నారు. ఆయన బదులు నేను వేయవచ్చా? ఆయన పేరు బయటికి వస్తుందా?

– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగిలిన 27 పీసులూ విప్పకుండా అలాగే ఉంచండి. చిన్న మాటలా అనిపిస్తుంది గానీ, ఇలాంటి కేసులు సగం ఇక్కడే పోతాయి. ఒక పెద్దాయన విషయంలో ఆయన కొడుకు నా దగ్గరకు వచ్చేసరికి పెట్టె చెత్తబండి ఎక్కిపోయింది. చేతిలో ఉన్నవి పుండు ఫొటోలూ, బాధాను. అవతలివాళ్లు ‘మా సరుకు సిలికానే, ఇంకెక్కడో కొన్నది చూపిస్తున్నారు’ అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

పెట్టె మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, తయారీదారు చిరునామా, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు కనిపించేలా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. ఆన్‌లైన్ పేజీలో ‘లేటెక్స్ లేదు’ అన్న వాక్యాన్ని ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి. నోటీసు అందిన మర్నాడే ఆ వాక్యం మాయమైపోవడం నేను చూశాను. ఆర్డర్ నంబరు, తేదీ, విక్రేత పేరు అందులో పడాలి. ఫోన్‌లోంచి తీసిన ఇలాంటి సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఒక సర్టిఫికెట్ జత చేస్తే తర్వాత పేచీ ఉండదు.

లైసెన్సు నంబరు ఎందుకంటున్నానంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ‘ఔషధం’ కిందికే వస్తాయి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద వచ్చిన వైద్య పరికరాల నిబంధనలు, 2017 వాటికి వర్తిస్తాయి. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. మీ పెట్టె మీద లైసెన్సు నంబరు కనిపించకపోతే మాత్రం దొంగ సరుకు దొరికిందని వెంటనే సంబరపడకండి. అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న ఎ తరగతిలో స్టెరైల్ చేయని, కొలతలు తీసే పని లేని పరికరాలకు 2022లో లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చి, రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టారు. అందుకే కేసును లైసెన్సు మీద నిలబెట్టకండి. మీకు అంతకంటే గట్టి ఆధారం ఉంది.

పేజీ ‘లేటెక్స్ లేదు’ అంది. పెట్టె ‘లేటెక్స్’ అంది. రెండూ వాళ్ల మాటలే. మామూలుగా ఇలాంటి కేసులో వస్తువును ల్యాబ్‌కు పంపి లోపం నిరూపించాలి. మీకు ఆ అవసరం రాకపోవచ్చు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత ఎవరిదో ఒక అధ్యాయమే ఉంది. సెక్షన్ 84 తయారీదారు గురించి, 86 అమ్మినవాడి గురించి. తయారీదారు పెట్టె మీద నిజమే రాశాడు కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే, ఆయనకు ఆ రక్షణ కొంత ఉంది. కానీ అమ్మేవాడు తయారీదారుతో సంబంధం లేకుండా తనంతట తాను ఒక హామీ ఇచ్చి, సరుకు ఆ హామీకి తగ్గట్టు లేకపోతే, దానివల్ల జరిగిన హానికి అమ్మేవాడే బాధ్యుడని సెక్షన్ 86 చెబుతోంది. ‘లేటెక్స్ లేదు’ అన్నది సరిగ్గా అలాంటి హామీ. ‘ఆ వాక్యం మాది కాదు, కంపెనీ పంపిందే పెట్టాం’ అని విక్రేత అంటే, అప్పుడది తయారీదారు ఇచ్చిన హామీ అవుతుంది, సెక్షన్ 84 కిందికి వెళ్తుంది. అందుకే విక్రేతనూ తయారీదారునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, ఆ తగవు వాళ్లే తేల్చుకుంటారు. ఆన్‌లైన్ వేదికను, అంటే మీరు ఆర్డర్ పెట్టిన సైటును కూడా చేర్చండి. ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అని ఎలాగూ అంటారు, అననివ్వండి. విక్రేత అసలు చిరునామా తెలియకపోతే వేదికకు రాతపూర్వకంగా రాయండి. కొన్న తర్వాత వినియోగదారు రాసి అడిగితే ఆ వివరాలు ఇవ్వాలని ఈ-కామర్స్ నిబంధనలు, 2020 చెబుతున్నాయి.

ఆ ‘హైజీన్ ఐటమ్’ మాటకొస్తే, మనసు మారి వాపసు ఇస్తానంటే ఆ షరతు చెల్లుతుందేమో. పేజీలో చెప్పిన గుణం లేని సరుకును వెనక్కి తీసుకోమంటే కాదనడానికి ఆ ఈ-కామర్స్ నిబంధనలే ఒప్పుకోవు. పైగా పెట్టె విప్పి వాడితే గదా లోపం తెలిసేది!

ఇక ఎదుటి లాయరు ఏమంటాడో ముందే చెబుతాను. ‘సైజు తప్పు, టేపు బిగించి చుట్టారు, మార్చకుండా రెండు రోజులు ఉంచారు, పుండు అందుకే పడింది’ అంటాడు. వస్తువును తప్పుగా వాడితే అమ్మినవాడికి బాధ్యత లేదని సెక్షన్ 87లో ఉంది, దాన్ని పట్టుకుంటాడు. కండోమ్ క్యాథెటర్ మిల్లీమీటర్ల సైజుల్లో వస్తుంది, మామూలుగా రోజుకొకటి మారుస్తారు. మీరు ఏ సైజు తెప్పించారు, ఎవరు కొలిచి చెప్పారు, మూడు రోజుల్లో మూడు మార్చారా, మామూలు ప్లాస్టర్ ఏమైనా చుట్టారా, ఇవన్నీ గుర్తున్నప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 30లో 27 మిగిలాయన్న లెక్క మీకే అనుకూలం. స్కిన్ డాక్టరు గారి చీటీలో ‘ర్యాష్’ అని ఒక్క ముక్క ఉంటే చాలదు. లేటెక్స్ తగలడం వల్ల వచ్చిన అలర్జీ అని ఆయనకు అనిపిస్తే అలాగే రాసి, సంతకం, తేదీ వేసి ఇమ్మని అడగండి. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి రికార్డులో రబ్బరు అలర్జీ అని ముందే రాసి ఉంటే అది బంగారం. ఆ రికార్డు మీరు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నియమావళి చెబుతోంది.

మీరు వేయవచ్చా అని అడిగారు. తప్పకుండా. డబ్బు పెట్టి కొన్నది మీరు కాబట్టి వినియోగదారు మీరే. మీ అనుమతితో వాడిన నాన్నగారు కూడా సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారే. పెట్టె ఖరీదు, మీ ఖాతాలోంచి కట్టిన వైద్యం ఖర్చు, మీరు పడిన టెన్షన్‌కు పరిహారం, వీటికి మీ ఒక్కరి పేరు చాలు. నాన్నగారు పడిన నొప్పికి పరిహారం కావాలంటే ఆయన్ను రెండో ఫిర్యాదుదారుగా చేర్చడం మంచిది. లేకపోతే ‘దెబ్బ తగిలినాయన ఏడీ’ అని అడుగుతారు.

పేరు బయటికి రాదని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్ ఉత్తర్వులు ఇంటర్నెట్‌లో పెడతారు, వాటిలో పార్టీల పేర్లు ఉంటాయి. కానీ ఆయన భయపడుతున్నట్టు నిండు కోర్టులో నిలబెట్టి పంచె గురించి ఎవరూ అడగరు. సాక్ష్యం అఫిడవిట్ రూపంలో వెళ్తుంది. విచారణ వీడియో కాన్ఫరెన్స్‌లో పెట్టమని అడగవచ్చు. ఫిర్యాదులో ‘ఆపరేషన్ తర్వాత వాడే వైద్య పరికరం’ అని రాసి, ఒంటి భాగం పేరు డాక్టరు చీటీకే వదిలేయండి. ఫొటోలు సీలు వేసిన కవర్లో ఇచ్చి, ఫైల్లో బయటికి కనపడకుండా ఉంచమని ఒక అర్జీ పెట్టండి. ఇంకో దారి మధ్యవర్తిత్వం. రాజీకి వీలుందని కమిషన్‌కు అనిపించి, రెండు పక్షాలూ ఒప్పుకుంటే అక్కడికి పంపుతారు. అక్కడి మాటలు గోప్యం. నాన్నగారి లాంటివారికి నేను ఈ దారే చెబుతాను. ఒక మాట ఆయనతో చెప్పండి: ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి ఉండేదే, కమిషన్‌లో కూర్చునేవాళ్ల ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఉంటారు.

కేసు కంటే ముందు 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. వేదికలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు కూడా ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడే తేలిపోయే అవకాశం బాగానే ఉంది. తేలకపోతే గుంటూరులోని జిల్లా కమిషన్‌లో వేయండి, అవతలివాళ్లు ఏ ఊళ్లో ఉన్నా సరే. ఇంట్లో కూర్చుని వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. కొన్న ధర అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. పొక్కులు వచ్చిన రోజు నుంచి రెండేళ్ల గడువు. లాయరు ఉండి తీరాలని లేదు (ఈ మాట రాసినందుకు మా బార్ అసోసియేషన్‌లో నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు). పది లక్షలు కావాలని మాత్రం రాయకండి. 8,250 రూపాయల ఖర్చుకు కాగితాలున్న మనిషి పది లక్షలు అడిగితే చదివేవారికి అసలు బాధ మీదే అనుమానం వస్తుంది.

సర్జికల్ షాపు సంగతి చిన్నది. ఎంఆర్‌పీ మించి ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. కానీ బిల్లు లేకుండా 200 ఇచ్చారని ఎలా చూపిస్తారు? ఫోన్‌పే ద్వారా కట్టి ఉంటే ఆ రికార్డు, బ్యాగు మీద ఎంఆర్‌పీ ఫొటో జత చేయండి. నగదు ఇచ్చి ఉంటే ఆ నలభై రూపాయల కోసం తిరగమని నేను చెప్పను.

ఇంకొకటి, దీనికి డబ్బుతో పని లేదు. వైద్య పరికరం వల్ల ఒంటికి హాని జరిగితే నమోదు చేయడానికి మెటీరియోవిజిలెన్స్ అనే జాతీయ కార్యక్రమం 2015 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. డాక్టర్లే కాదు, రోగి తరఫున మీరూ చెప్పవచ్చు. నంబరు 1800-180-3024. బ్యాచ్ నంబరు అడుగుతారు, పెట్టె దగ్గర పెట్టుకుని చేయండి.

పుండు మానేదాకా ఏం వాడాలో యూరాలజిస్టునే అడగండి. ఈసారి కొనేటప్పుడు బిల్లు మీద ‘సిలికాన్, లేటెక్స్ లేనిది’ అని రాయించుకోండి.