ప్యానెల్ కంటే బ్యాటరీ గురించే ఎక్కువ ఆలోచించండి

"ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెడదామనుకుంటున్నాం. పాతబడితే ప్యానెళ్లన్నీ విషపు చెత్తే అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు కదా. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పన్నెండేళ్లుగా మా డాబా మీద సోలార్ ఉంది. నేను చూసినంతలో చెబుతాను.

ప్యానెల్ బరువులో ముప్పాతిక వంతు దాకా గాజే. ఆ తర్వాత అల్యూమినియం ఫ్రేము. టంకంలో కొద్దిగా సీసం ఉంటుంది కాబట్టి పగిలిన దాన్ని చెరువు గట్టునో చెత్తకుప్పలోనో పడేయకూడదు. అంతేగానీ బాగున్న ప్యానెల్ పాతికేళ్లు నడుస్తుంది.

నాకు బాధ కలిగించింది బ్యాటరీ. మొదటిది నాలుగేళ్లకే పోయింది. రేటు బాగా వస్తోందని పాత సామాన్ల వాడికి అమ్మేశాం. వారం తర్వాత అటుగా వెళ్తే, వాళ్ల దొడ్లో బ్యాటరీలను గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్ నేల మీదే ఒంపేస్తున్నారు. అక్కడ గడ్డి మాడిపోయి ఉంది. పక్కనే మూకుడులో సీసం కరుగుతోంది, ఆ పొగలో ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. ఇన్వర్టర్ బ్యాటరీ యాభై కిలోల పైమాటే, అందులో సగానికి పైగా సీసమే. ఆ సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అప్పటి నుంచి పాత బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఎక్స్ఛేంజ్‌కి ఇస్తున్నాం. రేటు కాస్త తక్కువ వచ్చినా సరే.

అందుకని మీకు కరెంటు లైను ఉంటే బ్యాటరీ లేకుండా నేరుగా ఆ లైనుకే కలిపే ఆన్-గ్రిడ్ సోలార్ పెట్టించండి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రం నుంచి 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఉంది. కాకపోతే కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వారం పైనే మాకు కరెంటు లేదు, ఇంట్లో బ్యాటరీ ఉండబట్టే రెండు లైట్లు వెలిగాయి. తుఫాన్లు వచ్చే మన వైపు లైట్లకీ ఫ్యాన్లకీ సరిపడా చిన్నది ఒకటి ఉంచుకోవడం తప్పు కాదు. స్తోమత ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోండి, అందులో సీసం ఉండదు, ఎక్కువ కాలం వస్తుంది.

అదే తిత్లీకి మా ప్యానెల్ ఒకటి ఎగిరి పక్కవాళ్ల పెరట్లో పడింది. గాజంతా సాలెగూడులా చిట్లింది గానీ ఊడి రాలేదు. తెల్లారి ఎండ తగిలేసరికి వైర్లలో మళ్లీ కరెంటు. నాన్న దాని మీద గోనెపట్టా కప్పేదాకా మేమెవరం ముట్టుకోలేదు. పాత సామాన్ల వాడు "ఫ్రేము నాకిచ్చి మిగతాది పారేయండి" అన్నాడు. ఇవ్వలేదు. ఆ తర్వాత వచ్చిన 2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నియమాల్లో ప్యానెళ్లను కూడా చేర్చారు. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి ప్రకారం ఆ చెత్త బాధ్యత తయారీదారులదే. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే "పాడైతే వెనక్కి తీసుకుంటారా?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు కూడా ఫోటో తీసి పెట్టుకోండి. మేం ఆ పని చేయలేదు. అందుకే ఆ చిట్లిన ప్యానెల్ ఇంకా మా వెనక షెడ్డులోనే గోడకు ఆనించి ఉంది.