మూడు రూపాయల వడ్డీ, 33 నెలల లెక్క

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. బత్తాయి తోట మీద వచ్చిన 6 లక్షలు చేతిలో ఉన్నాయి. టౌన్‌లో మా బావకు తెలిసినాయన నూటికి 3 రూపాయల వడ్డీ ఇస్తున్నాడు. చాలామంది పెట్టారు. నోటు, రిజిస్ట్రేషన్ ఏమీ లేవు, అంతా నమ్మకం మీదే. ఎవరి డబ్బు వాళ్లిష్టం, మధ్యలో సర్కారు పెత్తనం ఎందుకని నా అభిప్రాయం. పెట్టమంటారా?

జవాబు: వద్దు.

మీ అభిప్రాయంతో నాకు పెద్ద పేచీ లేదు. కేవైసీ కోసం బ్యాంకు చుట్టూ తిరిగిన రోజు నేనూ అలాగే అనుకుంటాను. ఆ 6 లక్షలతో మీరు బోరు వేయించుకున్నా అడిగేవాళ్లు లేరు. కానీ ఆయన చేతిలో ఉన్నది ఊరందరి డబ్బు. స్వేచ్ఛా వ్యాపారానికి పెద్దదిక్కు అనే ఆడమ్ స్మిత్ కూడా బ్యాంకులకు కొన్ని కట్టడులు ఉండాలని 1776లోనే అన్నాడు. మంట పక్కింటికి పాకకుండా అడ్డుగోడ కట్టమనడం లాంటిదే ఇదీ అని ఆయన పోలిక.

ఇప్పుడు లెక్క చూడండి. 6 లక్షలకు నెలకు 18,000, అంటే ఏడాదికి 36 శాతం. మీకు అంత ఇచ్చి ఆయనకూ మిగిలే వ్యాపారం ఏమిటో అడిగారా? నిజానికి వ్యాపారమే అక్కర్లేదు. మీ డబ్బు బీరువాలో పెట్టి, అందులోంచే నెలనెలా 18,000 తీసి మీకిచ్చినా 33 నెలలు గడిచిపోతాయి. ఈలోపు 'ఒక్క నెల కూడా తప్పలేదు' అని మీరే నలుగురికి చెప్తారు, వాళ్లూ తెచ్చి పెడతారు. ఆయన ఖాతా పుస్తకం తెరిచి చూసే హక్కు మీకెవరికీ లేదు.

ఇలా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడాన్ని 2019 చట్టం నిషేధించింది. బంధువుల మధ్య చేబదులు దాని కిందికి రాదు. చిట్టీ నడపాలన్నా రిజిస్ట్రార్ అనుమతి, చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ ఉండాలి. రిజిస్టర్ అయినవీ మునుగుతాయి, కాదనను. కానీ అప్పుడు చేతిలో కాగితం, ఫిర్యాదు చేయడానికి ఒక ఆఫీసు ఉంటాయి.

కాపుకు మందులు, కూలీల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచుకుని, మిగతాది రెండు బ్యాంకుల్లో సగం సగం ఎఫ్‌డీ చేయండి. ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా. మండలంలోని వ్యవసాయ సహకార సొసైటీలో వేస్తే ఆ బీమా రాదు.

ప్రామిసరీ నోటు రాసిస్తానని ఆయన దిగివచ్చినా నా జవాబు ఇదే. బావ దగ్గర మొహమాటమైతే నేనే వద్దన్నానని చెప్పేయండి.