మిగిలిన అన్నమే మేతగా పెడితే కోళ్లకి అరగదా?

మధురవాడలో పెరట్లో నాటుకోళ్లు పెంచుతున్నామని, ఇంట్లో మిగిలిన అన్నం, కూరలే వేస్తున్నామని, ఒక పెట్టకి మెడ కింద ఉబ్బు పొద్దున్నకి కూడా తగ్గట్లేదని అడిగారు. పెందుర్తి దగ్గర మా ఇంట్లో అమ్మ కాలం నుంచీ కోళ్లున్నాయి. మేం పాటించేది చెప్తాను.

ముందు ఆ పెట్ట సంగతి చూడండి. కోడి తిన్నదంతా మొదట మెడ కింద సంచిలో చేరి, కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. సాయంత్రం ఆ సంచి నిండుగా ఉండాలి, పొద్దున్న మేత వేయకముందు ఖాళీగా ఉండాలి. గట్టి ముద్దలా చేతికి తగిలితే పొడుగాటి గడ్డిపోచో, కొబ్బరి పీచో, దారమో అడ్డుపడి ఉండొచ్చు. మెత్తగా, నీళ్లు నింపినట్టు ఉండి నోట్లోంచి పులిసిన వాసన వస్తే లోపల మేత పులిసిపోయినట్టే. ఏదైనా సరే, దాన్ని వేరుగా ఉంచి, మేత ఆపి, మంచినీళ్లు మాత్రం పెట్టి, అదే రోజు పశువుల డాక్టరుకి చూపించండి. తలకిందులుగా పట్టుకుని కక్కించమని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతుంది.

అన్నం విషమేమీ కాదు. కానీ దానితోనే కడుపు నిండిపోతే మాంసకృత్తులు అందవు, మన ఉక్కకి మధ్యాహ్నానికే పాచిపోతుంది కూడా. గుడ్లు పెట్టే పెట్ట రోజుకి సుమారు 100 గ్రాములు తింటుంది. అందులో వంటింటి మిగులు పదో వంతు దాటనివ్వకండి. మిగతాది లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే పెట్టల కోసం అమ్మే దాణా, దానికి తోడు నూకలు, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు). లేయర్ దాణాలో సున్నం ఎక్కువ, కోడిపిల్లలకి పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాటికి పిల్లల దాణాయే వేయాలి.

మీ పెరడు సిమెంటు చేయించారా? చాలామంది పట్టించుకోనిది ఇదే. కోడికి పళ్లు లేవు, కందనకాయలో ఉండే చిన్న రాళ్లే గింజని నలుపుతాయి. మట్టి నేల మీద అవే ఏరుకుంటాయి, సిమెంటు మీద ఎక్కడ దొరుకుతాయి? ఏటి ఇసుక జల్లించి, జల్లెడలో మిగిలిన ముతక రాళ్లని ఒక చిప్పలో ఎప్పుడూ ఉంచండి. బీచ్ ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది, పైగా మరీ సన్నం.

ఉప్పు అంటే గుర్తొచ్చింది, ఎండు చేపల తలలు, పచ్చళ్లు అసలు వేయకండి. ఉప్పు ఎక్కువైతే నీళ్లు తెగ తాగి నీళ్లలా రెట్ట వేస్తాయి, మరీ ఎక్కువైతే చచ్చిపోతాయి. ఉడికించని రాజ్మా గింజలు, పచ్చబడిన బంగాళాదుంప తొక్కలు కూడా వద్దు.

వానాకాలంలో, తుఫాను రోజుల్లో మేత డబ్బా రోజూ వాసన చూడండి. మొక్కజొన్న, వేరుశనగ చెక్క బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టి కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. డబ్బులు పోయినా సరే, పారేయాల్సిందే.

రెట్ట గురించి కూడా అడిగారు. ఎనిమిది పదిసార్లకి ఒకసారి గోధుమ రంగులో జిగటగా, కంపుగా వస్తే అది మామూలే, టెన్షన్ పడకండి. ఆకుపచ్చగా పడుతూ కోడి ముడుచుకుని కూర్చుంటే మాత్రం మేత తప్పని అనుకుని ఆగొద్దు. అది కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే అంటురోగం) కావచ్చు. మిగతా వాటి నుంచి వెంటనే వేరు చేసి డాక్టరుకి చెప్పండి, టీకాలు వేయించారో లేదో కూడా చెప్పండి.