మోకాలి కీలు మార్చాక ఫంగస్ పడితే మాత్రలతో పోతుందా?

కందుకూరు నుంచి ఒకరు అడిగారు: అమ్మకు మోకాలి కీలు మార్చి ఎనిమిది నెలలైంది, వాపు తగ్గలేదు, యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు వాడారు, ఇప్పుడు ఫంగస్ అంటున్నారు, ఇది తామర లాంటిదేనా అని.

తామర కాదండీ. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా దొరికేది కాండిడా అనే ఫంగస్. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద మామూలుగా ఉండేదే. కీలు మార్పిడి తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లలో ఫంగస్‌ది సుమారు 1 శాతమే, అందుకే మొదట ఎవరికీ అనుమానం రాదు. జ్వరం లేకుండా నెలల తరబడి నానుతుంది. షుగర్, స్టెరాయిడ్లు, పదే పదే ఆపరేషన్లు, ఎక్కువకాలం యాంటీబయాటిక్స్ దీనికి దారిస్తాయి. ఊళ్లో ఎవరో నొప్పికని వేసిన సూది స్టెరాయిడా కాదా అన్నది కూడా కనుక్కోండి.

అసలు చిక్కు పెట్టిన కీలు లోహం దగ్గరుంది. కాండిడా దాని మీద జిగురుపొరలా అతుక్కుని లోపల దాక్కుంటుంది, మందు అక్కడికి సరిగా చేరదు. అందుకే చాలామందికి పాత కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మె పెట్టి, నెలల తర్వాత కొత్తది అమరుస్తారు. ఫ్లూకొనజోల్ లాంటి మందు కనీసం ఆరు వారాలు, తరచుగా ఇంకా ఎక్కువే. మాత్రలతోనే సరిపెట్టడం అరుదు.

ఒంగోలులోనో నెల్లూరులోనో కీలు నీరు తీసి పరీక్షకిస్తే, ఫంగల్ కల్చర్ (ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్ష) కూడా కావాలని, వారాలపాటు ఉంచమని అడగండి. అమ్మ షుగర్‌కి గ్లిమిపిరైడ్ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి, ఫ్లూకొనజోల్‌తో కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు.