ఎఫ్రటాలో ఒక శుక్రవారం: ఎండుగడ్డి వేలం, పాత మఠం

వ్యవసాయం చేసిన మీ నాన్నగారు వేసవిలో ఫిలడెల్ఫియా వస్తున్నారనీ, అద్దాల మేడలు కాకుండా పాత అమెరికా పల్లెను ఎక్కడ చూపించాలనీ అడిగారు. మా నాన్నగారు కూడా రైతే కనుక, ఆయనతో వెళ్లివచ్చిన అనుభవంతో చెబుతున్నాను. పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీలోని ఎఫ్రటా అనే చిన్న పట్టణానికి, అదీ శుక్రవారం నాడే తీసుకువెళ్లండి. కారులో సుమారు గంటన్నర ప్రయాణం.

శుక్రవారమే ఎందుకంటే, 1932లో మొదలైన గ్రీన్ డ్రాగన్ సంత వారానికి ఆ ఒక్కరోజే జరుగుతుంది. కూరగాయల దుకాణాలు తరవాత చూడవచ్చు, ముందు ఎండుగడ్డి వేలం దగ్గరికి వెళ్లండి. దుగ్గిరాల యార్డులో ఏళ్ల తరబడి పసుపు అమ్మిన మా నాన్నగారికి ఇంగ్లీషు రాకపోయినా, అక్కడ ఒక్క విషయం కూడా విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. రైతులు గడ్డి పరక తుంచి వాసన చూడటం, వేలం వేసే వ్యక్తి గుక్క తిప్పుకోకుండా అంకెలను రాగంలో సాగదీయటం, కొనేవారు కనిపించీ కనిపించకుండా తల ఊపటం ఆయన తన్మయులై చూశారు. మన భాషలో వేలాన్ని 'పాట' అనటం ఎంత సరైనదో నాకు అక్కడే తెలిసింది. కోళ్లు, కుందేళ్ల వంటి చిన్న జీవాలకు వేరే పాట ఉంటుంది.

మధ్యాహ్నం ఎఫ్రటా మఠానికి వెళ్లండి. జర్మనీ నుంచి వచ్చిన కొన్రాడ్ బైసెల్ 1732లో స్థాపించిన ఈ క్రైస్తవ మఠంలో బ్రహ్మచారులైన సోదరులు, సోదరీమణులు తెల్లని వస్త్రాలు ధరించి, కొయ్య దిమ్మెను దిండుగా పెట్టుకుని పలకల మీద నిద్రించి, అర్ధరాత్రి లేచి ప్రార్థన చేసేవారు. వంగి నడిస్తే తప్ప పట్టని గుమ్మాలు, ఇరుకైన నడవాలు నేటికీ అలాగే ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777 నాటి బ్రాండీవైన్ పోరు తరవాత గాయపడిన, జబ్బుపడిన సైనికులకు ఇక్కడే చికిత్స చేశారు.

నన్ను అన్నిటికంటే కదిలించింది వారి ముద్రణాలయం కథ. హింసను ఏ రూపంలోనూ అంగీకరించని మెనోనైట్లు అనే క్రైస్తవ శాఖ వారి కోసం, తమ విశ్వాసం కొరకు ప్రాణాలర్పించిన వారి చరిత్రను, సుమారు 1,500 పుటల జర్మన్ గ్రంథంగా 1748లో వీరు అచ్చువేశారు. స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, అమ్ముడుపోని ప్రతుల కాగితాలను సైన్యం తుపాకీ మందు కూరటానికి పట్టుకుపోయింది. ఆ మెనోనైట్ సమాజం వారిని, వారికి దగ్గరి శాఖవారై, పాతకాలపు పద్ధతుల్లోనే జీవించే ఆమిష్ రైతులను ఉదయం సంతలో మీరు చూసే ఉంటారు. అందుకే ఈ రెండు చోట్లనూ ఒకే రోజు చూడమంటున్నాను.

మఠం తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి కనుక ముందుగా కనుక్కోండి. ఆమిష్ వారి ముఖాలకు ఫొటోలు తీయకండి, వారికి అది ఇష్టం ఉండదు. వేలంలో పాల్గొనాలంటే పేరు నమోదు చేసుకుని నంబరు తీసుకోవాలి, ఊరికే చూడటానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు.