నీళ్ల రాత ఆరిపోతే నష్టమేంటి?

"చైనాలో పెద్దవాళ్లు పార్కుల్లో నేల మీద నీళ్లతో అక్షరాలు రాస్తారు కదా, నిమిషాల్లో ఆరిపోయే ఆ రాతతో ఏం ఒరుగుతుంది?" అని అడిగారు. చాలా ఒరుగుతుంది. నేను ఎంబీబీఎస్ అక్కడే చదివాను కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

రెండో ఏడాది సెలవుల్లో బీజింగ్ వెళ్లి, పొద్దున్నే టెంపుల్ ఆఫ్ హెవెన్ పార్కులో తిరుగుతున్నాను. ఒకాయన, డెబ్బై దాటి ఉంటాయి, కర్ర చివర స్పాంజిని కుంచె మొనలా కోసి కట్టుకున్నారు, పక్కన చిన్న బకెట్. నేల మీది రాతి పలకలే గళ్ల కాగితం, పలకకో అక్షరం. పైనుంచి కిందికి రాస్తూ వెనక్కి నడుస్తారు, వరస అయ్యాక ఎడమకి జరిగి ఇంకోటి. నాలుగో వరసకి వచ్చేసరికి మొదటిది సగం ఆరింది, ఆయన అటు చూడనైనా లేదు.

నన్ను చూసి కర్ర చేతికిచ్చారు. 'యొంగ్' రాశాను. ఎప్పటికీ అని అర్థం, కుంచెకి కావాల్సిన ఎనిమిది రకాల గీతలూ అందులోనే ఉన్నాయని మొదట్లో దాన్నే దిద్దిస్తారు. పెన్ను పట్టినట్టు మణికట్టుతో లాగాను. ఆయన ఏమీ అనకుండా నా భుజం మీద వేలితో నొక్కారు, అక్కణ్నుంచి కదపమని. రెండోసారి చివరి వాలుగీత సాఫీగా దిగింది. తర్వాత మీ అక్షరం రాయమన్నట్టు సైగ చేస్తే 'అ' రాశాను. ఎక్కడ మొదలెట్టానో, ఎటు తిప్పానో చూసుకుని పక్క పలక మీద రాశారు, అది నా 'అ' కన్నా గుండ్రంగా వచ్చింది!

ఈలోగా ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగి, తడి అక్షరాల మీదే నడిచేశారు కొందరు. అది షో కాదండీ, ఆయన సాధన.

మా స్కూల్లో చేతిరాత అంటే పది పేజీల కాపీరైటింగ్, గీత వంకరపోతే వేళ్ల మీద స్కేలు దెబ్బ. ఆ భయానికి బిగుసుకున్న చెయ్యి ఏం రాస్తుంది? దొండాకు రుద్దిన పలక మీద తడిగుడ్డతో తుడిచి తుడిచి దిద్దినప్పుడే మన రాతలు బాగుండేవి. తప్పు మిగిలిపోదని తెలిస్తేనే చెయ్యి వదులవుతుంది.

ఇప్పుడు మా పాపకి కర్రకి స్పాంజి కట్టిచ్చాను. పొద్దున ఆరింటికి మేడ మీద గుణింతం రాస్తుంది. ఈ ఎండలకి 'కౌ' దాకా వచ్చేసరికి 'క' ఉండదు, మళ్లీ మొదలుపెడుతుంది.